కనాంగ్రా కొండ అంచున రెండు చలి రాత్రులు

శుక్రవారం, ఓబెరాన్

జూలై అనగానే మనకు ఆషాఢం, ముసురు గుర్తొస్తాయి. ఆస్ట్రేలియాలో అది నడి చలికాలం. సిడ్నీలో ఒక స్వెట్టరుతో గడిచిపోయే చలి, నీలి పర్వతాలు (బ్లూ మౌంటెన్స్) దాటి పడమటికి దిగేసరికి వేరే చలి అవుతుంది. ఓబెరాన్ సుమారు 1,100 మీటర్ల ఎత్తున్న చిన్న ఊరు. మేం ఫోటోల కోసం బయల్దేరిన కనాంగ్రా ఒక నేషనల్ పార్కు, లోయ మీద నిలువు రాతిగోడలున్న చోటు. అటు వెళ్ళేవాళ్ళకు పెట్రోలూ, కట్టెలూ, వేడి తిండీ దొరికే ఆఖరి చోటు ఓబెరానే. ఇక్కడ మరిచిపోయిన దాని కోసం క్యాంపు నుంచి వెనక్కి వస్తే రానూపోనూ దాదాపు రెండు గంటలు పోతాయి.

బేకరీలో మాంసం పై అడిగేవాళ్ళే ఎక్కువ. శాకాహారులకు పాలకూర, రికోటా చీజ్ పెట్టి చుట్టిన రోలు ఉంటుంది, పొయ్యి నుంచి తీసిన గంటలోపు తింటే బాగుంటుంది. టొమాటో సాసు పొట్లానికి విడిగా డబ్బు తీసుకుంటారు, కొత్తవాళ్ళు అక్కడే ఖంగు తింటారు. కౌంటర్లో ఉన్నావిడ 'ఎలా ఉన్నారు' అంటే అది నమస్కారం లాంటిదే. 'బాగున్నాం, మీరు?' అంటే చాలు. ఇద్దరికి రోళ్ళు, కాఫీలు కలిపి ముప్పై డాలర్ల లోపే అయింది.

కట్టెలు మాత్రం ఊళ్ళోనే కొనాలి. నేషనల్ పార్కులో ఎండుపుల్ల కూడా ఏరకూడదు. నేలమీద కుళ్ళే దుంగల్లోనే పురుగూ పుట్రా బతుకుతాయి కాబట్టి ఆ నిషేధం. సంచి కొనేముందు రెండు కట్టెలు తీసి ఒకదానికొకటి కొట్టి చూడాలి. ఖణేల్‌మంటే ఎండినవి, దబ్‌మంటే పచ్చివి. బరువైన సంచి లాభం అనిపిస్తుంది గానీ అందులో సగం నీళ్ళే. యూకలిప్టస్ దుంగలు నిప్పు నిలుపుతాయి, అంటుకోవడం మాత్రం కష్టం. అందుకని సన్నగా చీల్చిన పైన్ పుల్లల కట్ట ఒకటి వేరే తీసుకోవాలి.

ఊరు దాటాక పైన్ తోటలు, ఆ తర్వాత మట్టిరోడ్డు. రోడ్డంతా రేకు ముడతల్లా గాడులు. వేగంగా పోతే టైరు నేలమీద ఆనదు, వంపులో కారు పక్కకు జారుతుంది. ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగు మీద నుంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు, మనమూ ఎత్తాలి. సాయంత్రం నాలుగున్నర దాటితే కంగారూలు, వోంబాట్లు రోడ్డెక్కుతాయి. వోంబాట్ పొట్టి కాళ్ళ మీద నడిచే గుండురాయి లాంటిది, చీకట్లో లైట్లకు మెరవదు. వెలుగుండగానే క్యాంపు చేరాలన్న నియమం వాటికోసమూ, మనకోసమూ.

శుక్రవారం రాత్రి, బాయ్డ్ రివర్ క్యాంపు

చుట్టూ స్నోగమ్ అనే యూకలిప్టస్ చెట్లు, మధ్యలో గడ్డి, ఒక వైపు చిన్న వాగు. ఫోన్ సిగ్నల్ లేదు. మరుగుదొడ్లున్నాయి, తాగునీటి కుళాయి లేదు. వాగు నీళ్ళు మరిగించే తాగాలి, అందుకే ఇంటి నుంచే ఇద్దరికీ ఇరవై లీటర్లు తెచ్చుకున్నాం.

అందరూ వాగు ఒడ్డున చదునుగా ఉన్నచోటే టెంటు వేస్తారు. చలికాలంలో అదే అన్నిటికన్నా చెడ్డ చోటు. చల్లగాలి బరువైనది, నీళ్ళలాగే పల్లానికి పారి అక్కడ నిలిచిపోతుంది. గట్టు మీదికి ఇరవై ముప్పై అడుగులు వెళితే రెండు మూడు డిగ్రీలు తేడా వస్తుంది, పొద్దున టెంటు మీద మంచు పొర పలచబడుతుంది. చెట్టు కింద వేస్తే ఇంకా మేలు, ఆకాశానికి వేడి పోకుండా కొమ్మలు కాస్త ఆపుతాయి. కానీ ముందు తలెత్తి చూడాలి. యూకలిప్టస్ చెప్పాపెట్టకుండా కొమ్మ వదిలేస్తుంది. ఎండుకొమ్మ ఒక్కటి కనిపించినా ఆ చెట్టు వద్దు.

ఇక్కడ చలిగాలి దక్షిణం నుంచి, నైరుతి నుంచి వస్తుంది. ఉత్తరపు గాలే చలి అని మన ఒంటికి అలవాటు. అలవాటు కొద్దీ టెంటు గుమ్మం దక్షిణానికి పెడితే రాత్రంతా గాలి లోపలే ఉంటుంది. నైలాన్ పైగుడ్డ తడిసి చల్లబడితే సాగుతుంది కాబట్టి పడుకునేముందు తాళ్ళు మళ్ళీ బిగించాలి. మేకులు పన్నెండు, అన్నీ లెక్కపెట్టే దిగ్గొట్టాం.

పైన ఎన్ని రగ్గులున్నా చలి నేలలోంచి లాగుతుంది. స్లీపింగ్ బ్యాగులో ఒంటి కింద పడే భాగం నలిగిపోయి వెచ్చదనం ఇవ్వదు, అక్కడ పని చేసేది పరుపే. గాలి ఊదే పరుపు కింద మడతపెట్టే ఫోమ్ చాప ఒకటి వేస్తే సున్నా కింద కూడా గడుస్తుంది. గాలి పరుపుకు చిల్లు పడినా చాప మిగులుతుంది. బ్యాగు మీద రెండు అంకెలుంటాయి, 'కంఫర్ట్', 'లిమిట్' అని. దుకాణంలో పెద్ద అక్షరాలతో కనిపించేది తరచు రెండోదే. అది ముడుచుకు పడుకుని ఎలాగో రాత్రి గడిపే అంకె. నిద్ర కావాలంటే మొదటిదే చూడాలి.

పొయ్యి దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది గ్యాసుతో. చవగ్గా దొరికే పొడుగు డబ్బాల్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్. అది సున్నాకు అర డిగ్రీ కింద ఆవిరి కావడం మానేస్తుంది. డబ్బా ఊపితే లోపల ద్రవం కదులుతుంది, మంట మాత్రం రాదు. ఐసోబ్యూటేన్, ప్రోపేన్ కలిపిన మరచుట్టు సిలిండర్ తెచ్చుకోవాలి. ప్రోపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. 230 గ్రాములది ఒకటి ఇద్దరికి రెండు రాత్రులకు సరిపోయింది. చలి ఎంతున్నా టెంటు లోపల పొయ్యి వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది.

ఆ రాత్రి భోజనం ఉప్మా. రవ్వ ఇంట్లోనే నూనెలో తాలింపుతో సహా వేయించి డబ్బాలో పోసుకుంటే ఇక్కడ నీళ్ళు మరిగించడమే పని. కప్పు రవ్వకు రెండున్నర కప్పుల నీళ్ళు. ఈ ఎత్తులో నీళ్ళు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గాలి కూడా వేడి లాగేస్తుంది, అందుకని పప్పులాంటివి పెట్టుకోవద్దు, గ్యాసంతా వాటికే పోతుంది. నెయ్యి, కొబ్బరినూనె రాయిలా బిగుసుకున్నాయి. ఆవకాయలో నువ్వులనూనె మాత్రం జారుతూనే ఉంది.

పొద్దున ఏడింటి ఫోటో నిజానికి రాత్రి ఎనిమిదింటికే మొదలవుతుంది. నీళ్ళు గిన్నెలో పోసి మూతపెట్టి పొయ్యి మీదే ఉంచాలి. రాత్రి గడ్డకట్టినా నేరుగా వెలిగించవచ్చు, సీసాలో గడ్డకడితే ఒంపుకోవడానికి ఉండదు. మరిగిన నీళ్ళు లీటరు గట్టి సీసాలో పోసి, మేజోడు తొడిగి, కాళ్ళ దగ్గర పెట్టుకుంటే ఒళ్ళూ వెచ్చబడుతుంది, పొద్దున తాగేందుకూ ఉంటుంది. కెమెరా బ్యాటరీలు మూడూ జేబులో, బ్యాగు లోపల. కెమెరా మాత్రం జిప్పు బిగించిన సంచిలో కారులోనే, చల్లగానే ఉండాలి. దాన్ని టెంటులోకి తెస్తే మన ఊపిరి తేమంతా లెన్స్ మీద చేరి గడ్డకడుతుంది. బ్యాటరీలు వెచ్చగా, కెమెరా చల్లగా. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులు చేస్తారు.

శనివారం తెల్లవారుజాము, లుకౌట్

5:15కి లేచేసరికి మైనస్ 4. టెంటు లోపలి వైపు కూడా తెల్లమంచు పేరుకుంది. రాత్రి చలికి భయపడి గాలి కిటికీలు మూసిన ఫలితం అది. కాస్త తెరిచి ఉంచితే పొడిగా ఉండేది. కారు అద్దం మీద మంచుపొర. వేడినీళ్ళు పోస్తే అద్దం పగలవచ్చు, పాత ప్లాస్టిక్ కార్డుతో గీకడమే దారి.

కారు ఆపే చోటు నుంచి లోయ చూసే మొదటి లుకౌట్ 400 మీటర్లు, చదును దారి, చక్రాల కుర్చీ కూడా వెళుతుంది. ఆరుంపావుకే ముగ్గురు ట్రైపాడ్‌లు వేసి ఉన్నారు. ముందొచ్చినవాళ్ళది ఆ చోటు. వాళ్ళ ముందుకు నడవకూడదు, తెల్ల లైటు వాళ్ళ వైపు తిప్పకూడదు, పక్కన నిలబడాలంటే అడిగి నిలబడాలి. హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర లైటు ఉండేది ఇలాంటి చోట్లకే. అందులో ఒక పెద్దాయన దుప్పటి మడతేసి రాయి మీద పరిచి కూర్చున్నాడు. ఎదురుచూసే అరగంటలో ఒళ్ళు చల్లబడేది అలా నేలను ఆనుకున్న చోటే.

నడి జూలైలో ఇక్కడ సూర్యోదయం ఏడింటికి కాస్త అటూఇటూ. అరగంట ముందు నుంచే పడమట నీలపు పట్టీ, దానిపైన గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం ఆకాశం మీద పడిన భూమి నీడ. అందరూ తూర్పుకు తిరిగి నిలబడతారు కాబట్టి దాన్ని చాలామంది చూడరు. చలికాలంలో సూర్యుడు ఈశాన్యంగా లేస్తాడు, మొదటి వెలుగు ఇసుకరాతి గోడల మీద పక్కవాటుగా పడుతుంది. ముందు పై అంచు ఒక్కటే నారింజ, తర్వాత రంగు కిందికి జారుతుంది, ఏడెనిమిది నిమిషాలకు పసుపై పోతుంది. గోడ పైభాగంలో రాతిపొరలు పేర్చిన పలకల్లా అడ్డంగా ఉంటాయి. వాటి కింద చాలా పాతదైన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి వంగి, నిలువుగా లేచి ఉంటుంది. ఎదురుగా థురాట్ స్పైర్స్ శిఖరాలు ఆ పాత రాయే. పక్కవెలుతురులో ఈ రెంటి తేడా బాగా తెలుస్తుంది, మధ్యాహ్నం అంతా ఒకటే బూడిద.

ఇక్కడ వెడల్పు లెన్స్ మోసం చేస్తుంది. కళ్ళకు గుండె ఝల్లుమనే లోయ ఫోటోలో పళ్ళెంలా చదునైపోతుంది. 70–200 ఎంఎం జూమ్ లెన్స్ పెట్టి వరసగా సన్నబడే కొండల పొరలు, గోడ మీద వెలుగు పడిన ఒక్క ముక్క తీస్తే ఎత్తు తెలుస్తుంది. గోడ వెలిగినప్పుడు లోయ అడుగు నల్లగా ఉంటుంది, ఒక్క ఎక్స్‌పోజర్‌లో రెండూ రావు. తర్వాత కలుపుకోవడానికి రెండేసి స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తేడాతో మూడు ఫ్రేములు, ఎఫ్ 8 దగ్గర, ఐఎస్ఓ 100. తెర మీద బొమ్మ చూసి నిర్ణయించకూడదు, చీకట్లో అది ఉన్నదానికన్నా వెలుగ్గా కనిపిస్తుంది. వెలుగునీడల లెక్క గీతల్లో చూపే హిస్టోగ్రామే చూడాలి. వెడల్పు లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టరు తగిలిస్తే ఆకాశంలో ఒకచోట ముదురు మచ్చ వస్తుంది, తీసెయ్యడమే మంచిది.

ట్రైపాడ్ ఆఖరి సన్న కాళ్ళు చాచకుండా కిందికే వేసుకోవాలి, లోయలోంచి గాలి ఉన్నట్టుండి పైకి లేస్తుంది. లెన్స్ మీద ఊపిరి పడితే మంచు బిగుసుకుంటుంది. గుడ్డతో రుద్దితే మరక పరుచుకుంటుంది, బల్బు బ్లోయరుతో గాలి కొట్టి ఓపిక పట్టాలి. మొదటి బ్యాటరీ నలభై నిమిషాల్లో ఎర్రగీత చూపించింది. జేబులో పడేస్తే పది నిమిషాలకు సగం తిరిగొచ్చింది. ఖాళీ అయింది కాదు, చలికి మొద్దుబారిందంతే.

శనివారం పగలు, పీఠభూమి మీద

లుకౌట్ దగ్గరే ఆగిపోయేవాళ్ళకు ఈ చోటు సగమే తెలుస్తుంది. అదే కారు ఆపే చోటు నుంచి ఇంకో దారి లోయ అంచున దిగి, పీఠభూమి ఎక్కుతుంది. మధ్యలో పక్కకు డాన్స్ ఫ్లోర్ గుహ. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పశువుల కాపరుల కుటుంబాలు ఇక్కడ చేరి నాట్యాలాడేవారని ఆ పేరు. గుహ చల్లగా, పొడిగా ఉంటుంది, నిలబడి సంచి సర్దుకోవడానికి పనికొస్తుంది.

పైన మోకాలెత్తు పొదలు. వాటిలో హేకియా ఆకులు సూదులే, పలుచని ప్యాంటైతే పిక్కలు గీరుకుపోతాయి, పిక్కలకు చుట్టే గెయిటర్లు కట్టుకోవాలి. నీటి గుంటలన్నీ అద్దాల్లా గడ్డకట్టాయి. అంచుకు ఎక్కడా కంచె లేదు. పెద్ద తలుపు మూసినట్టు నేల అయిపోతుంది. అంచున రాయి కింద బోలుగా ఉండొచ్చు కాబట్టి రెండు మీటర్ల ఇవతలే ఆగాలి. బోర్లా పడుకుని తొంగిచూసినా అదే లెక్క.

దారి తప్పేది ఇక్కడే. పీఠభూమి చదునుగా ఉంటుంది, కాలిబాటలు చాలా ఉంటాయి, బాగా నలిగినవన్నీ బొమ్మలకోసం అంచుకు పోయేవే. ముందున్న క్రాఫ్ట్స్ వాల్ అనే రాతిగోడకు వెళ్ళాలంటే గోర్డన్ స్మిత్ పాస్ అనే చీలికలో దిగాలి, ఆ బాట పలుచగా ఉంటుంది. మేం నలిగిన బాటే పట్టి అంచు మీద తేలాం, ఇరవై నిమిషాలు పోయాయి. దిగువకు దారి కనబడుతోంది కదా అని అక్కడి నుంచి దూకుదారులు వెతికితే మనుషులు ఇరుక్కుంటారు. చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి వెనక్కి రావడమే పద్ధతి. 1:25,000 కనాంగ్రా మ్యాపు కాగితం మీదే ఉండాలి, దిక్సూచీ చేతిలో ఉండాలి, ఫోను చలికి ఆరిపోతుంది. అయస్కాంతపు ఉత్తరం ఇక్కడ నిజ ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు తూర్పుకు ఉంటుంది, లెక్కలో వేసుకోకపోతే కిలోమీటరుకు రెండొందల మీటర్లు పక్కకు పోతాం.

పాస్ దిగితే గోడ కింద కోల్ సీమ్ గుహ. ఇసుకరాయి కింద బొగ్గుపొర అక్కడ బయటికొచ్చి ఉంది, వేలితో ముట్టుకుంటే నలుపు అంటుతుంది. అక్కడి నుంచి క్రాఫ్ట్స్ వాల్ దాకా వెళ్ళి రావడం మొత్తం 10 కిలోమీటర్ల పైనే. ఇంకా ముందుకు పోతే క్లౌడ్‌మేకర్, దానికి ముందు స్టార్మ్‌బ్రేకర్, ఆ పక్కనే రిప్, ర్యాక్, రోర్, రంబుల్ అని నాలుగు గుట్టలు. ఈ పేర్లన్నీ మైల్స్ డన్ఫీ పెట్టినవి. 1891లో పుట్టిన ఆయన ఈ కొండల మ్యాపులు చేత్తో గీసి, వీటిని పార్కులుగా కాపాడాలని జీవితమంతా పోరాడాడు. అంతకు ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచి ఇది గుండున్‌గుర్రా వాళ్ళ నేల.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకోవాలి. ఐదింటికి కాస్త అటూఇటూగా పొద్దు కుంకుతుంది, దట్టమైన చోట్ల అరగంట ముందే చీకటి. ఆపదలో మనమున్న చోటు సంకేతంగా పంపే అత్యవసర బీకన్ ఒకటి సంచిలో ఉంది. నీలి పర్వతాల ప్రాంతంలో నడిచేవాళ్ళకు పార్కు వాళ్ళ కేంద్రంలోనూ, కొన్ని పోలీస్ స్టేషన్లలోనూ వీటిని ఉచితంగానే అరువిస్తారు. తీసుకునేటప్పుడే మన దారీ, తిరిగొచ్చే వేళా రాసివ్వాలి.

మధ్యాహ్నానికి పులిహోర తెచ్చుకోవడం మా తప్పు. చలికి అన్నం మెతుకు గులకరాయి అవుతుంది. చపాతీలో కారప్పొడి, నూనె రాసి చుట్టుకుంటే నయం. సంచి నేలమీద తెరిచి వదిలితే నల్లటి కర్రవాంగ్ పక్షులు వచ్చి పొట్లాలు లాగేస్తాయి. లోయలోంచి లైర్‌బర్డ్ కూత వినబడింది. చలికాలమే వాటికి పాటల కాలం, ఒకదాని వెంట ఒకటి పది పక్షుల గొంతులు అనుకరిస్తుంది.

శనివారం రాత్రి, క్యాంపు

అమావాస్య దగ్గర పడేలా వారం ఎంచుకోవాలన్నది ఈ రాత్రి కోసమే. మన ఊళ్ళో దక్షిణాన కిందికి కనిపించే వృశ్చికం ఇక్కడ నడినెత్తిన ఉంటుంది. జ్యేష్ఠ ఎర్రగా, తోక చివర మూల. ఆ మూల పక్కనే పాలపుంత నడిమి భాగం. రాత్రి పది, పదకొండు మధ్య దాదాపు తలపైకి వస్తుంది. అంటే అంత ఎత్తున్నప్పుడు ఫ్రేములో నేల పట్టదు. చెట్టో కొండో కలిపి తీయాలంటే ఎనిమిదింటికి, అది తూర్పున వాలుగా ఉండగానే తీయాలి. ధ్రువ నక్షత్రం కనబడదు. త్రిశంకు (సదరన్ క్రాస్) నైరుతి వైపు ఎత్తుగా ఉంటుంది. దాని పొడుగు గీతను నాలుగున్నర రెట్లు పొడిగిస్తే ఆకాశపు దక్షిణ ధ్రువం, చుక్కలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి.

14 ఎంఎం లెన్స్, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200, 20 సెకన్లు. ఫోకస్ రింగు మీది 'ఇన్ఫినిటీ' గుర్తును నమ్మకూడదు, కెమెరా తెర మీద లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కను పది రెట్లు చేసి, అది సన్నబడే దాకా రింగు తిప్పి, టేపు అంటించాలి. అరగంటకు లెన్స్ ముందు గాజు మీద మంచు పడుతుంది, ఫోటోలు క్రమంగా మసకబారతాయి గానీ చీకట్లో తెలియదు. చేతులు వెచ్చబెట్టుకునే రసాయనపు పొట్లం ఒకటి రబ్బరు బ్యాండుతో లెన్స్ చుట్టూ కడితే ఆ బెడద లేదు. పక్క టెంటువాళ్ళ మంట వెలుగు చెట్ల మీద పడుతుంటే వద్దని చెప్పే హక్కు మనకు లేదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చుంటే, వాళ్ళే నిప్పు తగ్గే వేళ చెబుతారు.

ఆదివారం, వాగు ఒడ్డు

తెల్లవారి మైనస్ 6. లుకౌట్‌కు వెళ్ళకుండా వాగు పక్క గడ్డి దగ్గరే ఉండిపోవడం మంచిదైంది. టెంటుకు చెడ్డదైన ఆ పల్లం కెమెరాకు నిధి. ఒక్కో గడ్డిపోచ మీద మంచు సూదులు. ఆ తెల్లదనానికి కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసపోయి బూడిద చేస్తుంది, ఒక స్టాపు పెంచాలి. నీడలో నీలిరంగు వస్తే దిద్దకూడదు, ఆ నీలమే చలి. ఎండ తాకిన ఇరవై నిమిషాల్లో అంతా నీటి చుక్కలు.

తర్వాత లుకౌట్ దగ్గర నుంచి మెట్లు దిగే జలపాతం దారి. చిన్నదే, కానీ నీడ మెట్ల మీద కనిపించని మంచుపొర ఉంది, మడమ ముందు పెట్టి దిగితే జారుతుంది, పాదమంతా ఆన్చాలి. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, షట్టరు అర సెకను తెరిస్తే చాలు. ఇంకా పెంచితే సన్నటి ధార మాయమై తెల్ల పొగ మిగులుతుంది. ఇక్కడ పోలరైజర్ పనికొస్తుంది, తడి రాళ్ళ మెరుపు తీసేసి రంగు బయటపెడుతుంది.

టెంటు విప్పేటప్పుడు మేకులు నేలలో గడ్డకట్టుకుపోయాయి. పీకితే తల ఊడుతుంది. గోరువెచ్చని నీళ్ళు చుట్టూ పోసి, అటూ ఇటూ తిప్పి తీయాలి. టెంటు మంచును దులిపి, మడవకుండా పెద్ద సంచిలో కుక్కాం. తడిదాన్ని చుట్టి వారం వదిలితే బూజు పట్టి గుడ్డ నాశనమవుతుంది. నిప్పు మీద నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేయి పెట్టి చల్లబడిందని చూశాకే కదలాలి. చెత్తంతా మనతోనే.

ఇంటికొచ్చి బాల్కనీలో టెంటు ఆరేస్తే రెండు రోజులు పట్టింది. సంచిలో మేకులు లెక్కపెడితే పదకొండు.